టీవీలన్నీ బాగానే ఉన్నాయి, వైఫై మాత్రం పడుకుంది: స్విచ్‌లో ‘అన్‌నోన్ మల్టీకాస్ట్’ సెట్టింగ్ కథ

ఫోన్ రివ్యూల మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ గురించి ఈ గోల ఏంటి అనుకుంటున్నారా? మీ ఇంట్లో ఐపీటీవీ సెట్‌టాప్ బాక్స్ ఉన్నా, సీసీ కెమెరాలు ఉన్నా, ఒకే వీడియోని నాలుగు టీవీల్లో చూపించే డబ్బాలు ఉన్నా ఇది మీకు పనికొచ్చే విషయమే. ఈ సెట్టింగ్ పేరు నాకు బీటెక్‌లోనే తెలుసు. దాని పని మాత్రం నందిగామలో మా అక్క పెళ్లికి ముందు రోజు రాత్రి తెలిసింది.

మాది జగ్గయ్యపేట. 2022లో మా కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది గానీ, మా పెద్దవాళ్లు ఇంకా కృష్ణా జిల్లా అనే అంటారు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా మావయ్యకి నందిగామలో ఒక కల్యాణ మండపం ఉంది. మా పెద్దమ్మ చిన్న కూతురి పెళ్లి అక్కడే పెట్టుకున్నారు. పెద్ద కూతురు, అంటే మా పెద్దక్క, డల్లాస్‌లో ఉంటుంది. ఎనిమిదో నెల. డాక్టర్ ఫ్లైట్ వద్దన్నారు. సొంత చెల్లి పెళ్లి ఆమె చూడాలంటే వీడియో కాల్ ఒక్కటే దారి. ముహూర్తం రాత్రి 1.42కి. డల్లాస్‌లో అప్పుడు మధ్యాహ్నం 3.12.

ప్లాన్ సింపుల్. వేదిక పక్కన ట్రైపాడ్ మీద ఒక ఫోన్, అందులో వీడియో కాల్. మండపం లోపల సిగ్నల్ ఒక గీత వస్తే గొప్ప, కాబట్టి కాల్ వైఫై మీదే నడవాలి. ఇంకోపక్క వీడియో వాళ్ల మిక్సర్ నుంచి వచ్చే పిక్చర్ భోజనాల హాల్లో, బయట పందిట్లో, విడిది గదిలో ఉన్న మూడు టీవీల్లో రావాలి. దానికి మావయ్య హెచ్‌డీఎంఐ ఓవర్ ఐపీ డబ్బాలు కొన్నారు. పంపే డబ్బా ఒకటి, అందుకునే డబ్బాలు మూడు. అన్నీ ఆఫీసు గదిలో ఉన్న 16 పోర్టుల స్విచ్‌కి కలుస్తాయి.

ముందు రోజు సాయంత్రం ట్రయల్ వేశాం. పెద్దక్కకి కాల్ కలిపాం, మొహం అద్దంలా కనిపిస్తోంది. వీడియో వాళ్లు డబ్బా ఆన్ చేశారు. మూడు టీవీల్లో పిక్చర్ వచ్చింది. అదే క్షణంలో ఫోన్‌లో పెద్దక్క బొమ్మలా నిలబడిపోయింది. డబ్బా ఆఫ్ చేస్తే అక్క కదిలింది. ఆన్ చేస్తే మళ్లీ బొమ్మ.

“ఏరా అల్లుడూ, నువ్వు హైదరాబాద్‌లో చేసే పని ఇదే కదా?” అన్నాడు మావయ్య.

“కాదు మావయ్యా, నేను సాఫ్ట్‌వేర్.”

“అంతా ఒకటేలేరా. చూడు కాస్త.”

వైర్ మీద నెట్ ఉంది, వైఫైలో లేదు

అందరిలాగే నేనూ ముందు నెట్ కనెక్షన్‌ని అనుమానించాను. ఆఫీసు గదిలో లాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి స్పీడ్ టెస్ట్ చేస్తే పూర్తి స్పీడ్ వస్తోంది. అదే లాప్‌టాప్ వైఫైలో పెడితే టెస్ట్ పేజీ కూడా తెరుచుకోవట్లేదు. కనెక్షన్ బాగుంది, రౌటర్ బాగుంది, వైఫై ఒక్కటే చచ్చింది.

అప్పుడు స్విచ్ వైపు చూశాను. పోర్టుల లైట్లు మామూలుగా ఒక్కోటి ఒక్కో తీరుగా మినుకుతాయి. ఇక్కడ మాత్రం కేబుల్ ఉన్న ప్రతి పోర్టూ ఒకే తాళంలో టపటపా కొట్టుకుంటోంది. ఏ పని లేని పోర్టు కూడా. లాప్‌టాప్‌లో వైర్‌షార్క్ తెరిస్తే స్క్రీన్ నిండా ఒకే లైను: గమ్యం 226.2.2.2. నా లాప్‌టాప్ ఎవరినీ వీడియో అడగలేదు. అయినా సెకనుకి సుమారు 15 మెగాబిట్లు వచ్చి పడుతున్నాయి.

మల్టీకాస్ట్ అంటే పేపర్ బాయ్

224.0.0.0 నుంచి 239.255.255.255 వరకు ఉన్న ఐపీ అడ్రస్‌లు ఏ ఒక్క మెషీన్‌వీ కావు. ఇవి గ్రూప్ అడ్రస్‌లు. ఒక డబ్బా 226.2.2.2కి వీడియో పంపుతుంది. ఆ వీడియో కావాల్సినవాళ్లు “నేనూ ఆ గ్రూప్‌లో ఉన్నా” అని చెప్పి అందుకుంటారు. టీవీలు మూడున్నా ముప్పై ఉన్నా పంపే డబ్బా ఒక్క కాపీనే పంపుతుంది. అదే దీనిలోని లాభం.

పేపర్ బాయ్‌ని గుర్తు తెచ్చుకోండి. వీధిలో ఏ ఇంటికి ఏ పేపరో అతని దగ్గర లిస్టు ఉంటుంది. లిస్టులో ఉన్న ఇంటి ముందే పేపర్ పడుతుంది. స్విచ్‌లో ఈ లిస్టు తయారుచేసే ఫీచర్ పేరు ఐజీఎంపీ స్నూపింగ్. టీవీ డబ్బా “నాకు 226.2.2.2 కావాలి” అని పంపే చిన్న మెసేజ్‌ని ఐజీఎంపీ రిపోర్ట్ అంటారు. స్విచ్ దారిలోనే దాన్ని తొంగిచూసి “ఓహో, 5వ పోర్టుకి ఈ గ్రూప్ కావాలన్నమాట” అని రాసుకుంటుంది.

లిస్టులో ఎక్కడా లేని పేపర్ కట్ట ఒకటి వస్తే? అదే అన్‌నోన్ మల్టీకాస్ట్. కొన్ని కంపెనీలు అన్‌రిజిస్టర్డ్ మల్టీకాస్ట్ అంటాయి. స్విచ్ ముందు అప్పుడు మూడు దారులు.

1. ఫ్లడ్ లేదా ఫార్వర్డ్: వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్ని పోర్టులకీ పంపడం. అంటే వీధిలో ప్రతి ఇంట్లోనూ పేపర్ విసరడం.

2. డ్రాప్ లేదా డిస్కార్డ్: ఎవరూ అడగలేదు కాబట్టి పారేయడం.

3. రౌటర్ పోర్టుకి మాత్రమే: “నాకు తెలియదు, పెద్దాయన్ని అడుగు” అని మల్టీకాస్ట్ రౌటర్ ఉన్న వైపుకి మాత్రమే పంపడం.

2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4541 అనే డాక్యుమెంట్ స్నూపింగ్ స్విచ్‌లు ఎలా నడుచుకోవాలో చెబుతుంది. దాని ప్రకారం ఎవరూ అడగని మల్టీకాస్ట్‌ని రౌటర్ ఉన్న పోర్టులకి తప్పకుండా పంపాలి. అన్ని పోర్టులకీ పంపడాన్ని డీఫాల్ట్‌గా పెట్టుకోవచ్చు. అలా పంపని స్విచ్ అయితే, కావాల్సిన పోర్టుల్లో ఫ్లడ్ చేయించే ఆప్షన్ ఇచ్చి తీరాలి. మీ స్విచ్ మెనూలో ఈ సెట్టింగ్ ఎందుకుందో ఇప్పుడు అర్థమైందిగా.

మావయ్య స్విచ్‌లో స్నూపింగ్ ఆఫ్‌లో ఉంది. లిస్టే లేనప్పుడు ప్రతి గ్రూపూ తెలియని గ్రూపే. అందుకే ప్రతి పోర్టుకీ వీడియో పోతోంది, వైఫై యాక్సెస్ పాయింట్లు ఉన్న రెండు పోర్టులతో సహా.

15 మెగాబిట్లకే వైఫై పడిపోతుందా?

ఇక్కడే చాలామందికి డౌట్ వస్తుంది. వందల మెగాబిట్ల వైఫైకి 15 ఒక లెక్కా?

లెక్కే. మీ ఫోన్‌కి మామూలుగా వచ్చే ప్యాకెట్ యూనికాస్ట్. ఫోన్ దగ్గరుంటే ఎక్కువ రేటుతో, దూరంగా ఉంటే తక్కువ రేటుతో పంపుతారు. అందినట్టు ఫోన్ జవాబు ఇవ్వకపోతే మళ్లీ పంపుతారు. మల్టీకాస్ట్‌లో ఇవేమీ లేవు. వినేవాళ్లు ఎవరో, ఎంత దూరంలో ఉన్నారో యాక్సెస్ పాయింట్‌కి తెలియదు. కాబట్టి అందరికీ వినపడేలా తక్కువ బేసిక్ రేటులో మాట్లాడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో అది చాలాచోట్ల 1 మెగాబిట్. 5 గిగాహెర్ట్జ్‌లో 6 మెగాబిట్లు. సెకనుకి 6 మెగాబిట్లు పట్టే గొట్టంలో 15 పోస్తే ఏమవుతుంది? గాలిలో ఉన్న టైమంతా ఆ వీడియోనే తినేస్తుంది. పెద్దక్క కాల్‌కి చోటు ఉండదు.

వైర్ మీద ఇదే 15 మెగాబిట్లు గిగాబిట్ పోర్టులో నూటికి ఒకటిన్నర వంతు. కనిపించనే కనిపించదు. కాబట్టి ఒక గుర్తు పెట్టుకోండి: వైర్‌లో నెట్ బ్రహ్మాండంగా ఉండి, వీడియో డబ్బా ఏదో ఆన్ చేయగానే వైఫై మాత్రమే పడిపోతే, ముందు మల్టీకాస్ట్‌ని అనుమానించండి.

ఫోన్‌కే కేబుల్ పెడితే పోయేది కదా అంటారేమో. టైప్-సి ఈథర్నెట్ అడాప్టర్ కోసం ఆ రాత్రి నందిగామలో తెరిచున్న మొబైల్ షాపులన్నీ తిరిగాం. దొరకలేదు.

నేను చేసిన తప్పు, 4 నిమిషాల 20 సెకన్లు

స్విచ్ మేనేజ్‌మెంట్ పేజీలోకి వెళ్లాను. ఐజీఎంపీ స్నూపింగ్ ఆన్. అన్‌నోన్ మల్టీకాస్ట్ డిస్కార్డ్. సేవ్. ఒకసారి మూడు టీవీ డబ్బాలూ ఆఫ్ చేసి ఆన్ చేశాం. టీవీల్లో పిక్చర్ వచ్చింది. స్విచ్ లైట్లు వేటికవి మినుకుతున్నాయి. ఫోన్‌లో పెద్దక్క “కనిపిస్తోందిరా, పందిరి కూడా కనిపిస్తోంది” అంటోంది. మావయ్య వీపు తట్టాడు. నేను కాలర్ ఎగరేసి భోజనానికి కూర్చున్నాను.

పప్పన్నం కలుపుకునేలోపు హాల్లో టీవీ నల్లగా అయిపోయింది. బయటది, విడిది గదిలోది కూడా. వీడియో కుర్రాడు హెచ్‌డీఎంఐ కేబుల్ పీకి పెట్టాడు, లాభం లేదు. టీవీ డబ్బా ఆఫ్ చేసి ఆన్ చేస్తే వచ్చింది. కాసేపటికి మళ్లీ పోయింది. ఈసారి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కూర్చున్నాను. 4 నిమిషాల 20 సెకన్లు. మూడోసారీ అంతే.

260 సెకన్లు. ఆ అంకె చూడగానే నెట్‌వర్క్స్ పేపర్ గుర్తొచ్చింది.

అసలు విషయం ఇదీ. టీవీ డబ్బా గ్రూప్‌లో చేరేటప్పుడు ఒకసారి చెబుతుంది. ఆ తర్వాత ఎవరైనా అడిగితేనే మళ్లీ చెబుతుంది. అడగందే అమ్మైనా పెట్టదు అంటారు కదా, ఇదీ అలాంటిదే. “ఎవరెవరు ఇంకా ఏ గ్రూప్‌లో ఉన్నారు?” అని అప్పుడప్పుడు అడిగే బాధ్యత ఐజీఎంపీ క్వెరియర్‌ది. స్టాండర్డ్ ప్రకారం ప్రతి 125 సెకన్లకి అడగాలి. జవాబు ఇవ్వడానికి 10 సెకన్లు గడువు. ఒక ప్రశ్న దారిలో పోయినా పర్లేదని రెండు రౌండ్లు చూస్తారు. 125ని రెండుతో గుణించి 10 కలపండి: 260. అప్పటికీ జవాబు లేకపోతే స్విచ్ ఆ పోర్టుని లిస్టులోంచి కొట్టేస్తుంది.

పెద్ద ఆఫీసుల్లో ఈ ప్రశ్న మల్టీకాస్ట్ రౌటర్ అడుగుతుంది. మండపంలోని మామూలు రౌటర్ అడగట్లేదు. స్విచ్ వినడానికి సిద్ధంగా ఉంది గానీ, అడిగేవాళ్లు లేరు. 260 సెకన్లు కాగానే లిస్టు ఖాళీ అయింది. లిస్టు ఖాళీ కాగానే 226.2.2.2 తెలియని గ్రూప్ అయింది. తెలియనిదాన్ని పారేయమని చెప్పింది నేనే.

నేను ‘డిస్కార్డ్’ పెట్టకుండా ఉంటే? టీవీలు ఆగేవి కావు. కానీ 260 సెకన్ల తర్వాత అన్ని పోర్టులకీ వరద మళ్లీ మొదలై, పెద్దక్క మళ్లీ బొమ్మయ్యేది. అది ఇంకా ప్రమాదం. ట్రయల్‌లో అంతా బాగుందనుకుని వెళ్లిపోతాం, ముహూర్తం టైమ్‌కి కాల్ పోతుంది. ఈ ఆర్టికల్‌లో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: అన్‌నోన్ మల్టీకాస్ట్ సెట్టింగ్‌ని ఒంటరిగా ముట్టుకోకూడదు. స్నూపింగ్, క్వెరియర్, అన్‌నోన్ మల్టీకాస్ట్ ఈ మూడూ ఒక సెట్టు.

అదే పేజీలో కింద ‘ఐజీఎంపీ స్నూపింగ్ క్వెరియర్’ అని ఉంది. ఆన్ చేసి, స్విచ్ సొంత ఐపీ అడ్రస్ ఇచ్చాను. కొన్ని స్విచ్‌లు అడ్రస్ ఇవ్వకపోతే 0.0.0.0 పేరుతో ప్రశ్న పంపుతాయి, కొన్ని డబ్బాలు దానికి జవాబివ్వవు. అందుకే అడ్రస్ ఇవ్వడం మంచిది. ఈసారి స్టాప్‌వాచ్ 5 నిమిషాలు దాటింది, పది దాటింది, అరగంట దాటింది. టీవీలు వెలుగుతూనే ఉన్నాయి. చల్లారిన పప్పన్నం అప్పుడు తిన్నాను.

మర్నాడు కెమెరా కనిపించలేదు

పొద్దున్నే ఇంకో పేచీ. పార్కింగ్ దగ్గర కొత్త కెమెరా బిగించారు. రికార్డర్‌లో ‘సెర్చ్’ కొడితే అది దొరకట్లేదు. పాత కెమెరాలు మాత్రం నడుస్తున్నాయి.

కారణం మళ్లీ నేనే. కెమెరాలు, ప్రింటర్లు, స్మార్ట్ టీవీలు ఒకదాన్నొకటి వెతుక్కునేది మల్టీకాస్ట్‌తోనే. కెమెరాల సెర్చ్, టీవీల సెర్చ్ చాలావరకు 239.255.255.250 అనే గ్రూప్‌కి వెళ్తాయి. ఆ కెమెరా తాను గ్రూప్‌లో ఉన్నానని సరిగ్గా చెప్పట్లేదు. చెప్పనివాడికి పేపర్ లేదు. సెర్చ్ దాని దాకా చేరలేదు. పాత కెమెరాల వీడియో నేరుగా యూనికాస్ట్‌లో వస్తుంది కాబట్టి వాటికి ఏమీ కాలేదు.

అప్పటికి కెమెరా ఐపీ అడ్రస్ చేత్తో కొట్టి కలిపేశాం. పెళ్లయ్యాక తీరిగ్గా ఆ గ్రూప్‌కి కెమెరా పోర్టుల్నీ రికార్డర్ పోర్టునీ స్టాటిక్ మెంబర్లుగా రాశాను. ‘ఆ పోర్టుల్లో అన్‌నోన్ ఫార్వర్డ్ అని పెడితే చాలదా?’ అంటే చాలకపోవచ్చు. నెట్‌వర్క్‌లో ఏ కంప్యూటరో అదే గ్రూప్‌లో చేరి ఉంటే, స్విచ్ దృష్టిలో అది ఇక తెలిసిన గ్రూపే. అన్‌నోన్ రూల్ దానికి వర్తించదు.

ఫోన్ నుంచి క్యాస్ట్ చేసేటప్పుడు వాడే ఎండీఎన్ఎస్ మాత్రం 224.0.0.251 మీద నడుస్తుంది. 224.0.0తో మొదలయ్యే అడ్రస్‌లని స్నూపింగ్ ఉన్నా అన్ని పోర్టులకీ పంపాలని అదే ఆర్‌ఎఫ్‌సీ చెబుతుంది. కాబట్టి సరైన స్విచ్‌లో క్యాస్ట్ ఐకాన్ పోకూడదు. పోయిందంటే స్విచ్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి.

మీ స్విచ్‌లో ఎక్కడుంటుంది?

ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. నాకు తెలిసినవి ఇవి:

• టీపీ-లింక్ జెట్‌స్ట్రీమ్ స్విచ్‌లు: ఐజీఎంపీ స్నూపింగ్ పేజీలో ‘అన్‌నోన్ మల్టీకాస్ట్ గ్రూప్స్’. ఫార్వర్డ్ లేదా డిస్కార్డ్. ఈ సెట్టింగ్ ఐపీవీ6కి వాడే ఎంఎల్‌డీ స్నూపింగ్‌తో ఉమ్మడిగా ఉంటుంది కాబట్టి, దాన్ని కూడా ఆన్ చేయాలి.

• నెట్‌గేర్ ప్లస్ స్విచ్‌లు: ‘బ్లాక్ అన్‌నోన్ మల్టీకాస్ట్ అడ్రస్’ అని ఒక టిక్కు.

• సిస్కో స్మాల్ బిజినెస్ స్విచ్‌లు: ‘అన్‌రిజిస్టర్డ్ మల్టీకాస్ట్’. పోర్టు పోర్టుకీ విడిగా ఫార్వర్డింగ్ లేదా ఫిల్టరింగ్.

• మైక్రోటిక్: బ్రిడ్జ్ పోర్టు సెట్టింగ్స్‌లో ‘అన్‌నోన్ మల్టీకాస్ట్ ఫ్లడ్’. డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. క్వెరియర్ బ్రిడ్జ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది.

• హువావే: వీల్యాన్ లోపల ‘మల్టీకాస్ట్ డ్రాప్-అన్‌నోన్’ అనే కమాండ్.

ఐపీవీ6 గురించి ఒక హెచ్చరిక. ఐపీవీ6లో పక్క మెషీన్ అడ్రస్ కనుక్కోవడం కూడా మల్టీకాస్ట్‌తోనే జరుగుతుంది. ఎంఎల్‌డీ స్నూపింగ్ లేకుండా తెలియని మల్టీకాస్ట్ అంతా పారేస్తే, కొన్ని స్విచ్‌లలో ఐపీవీ6 ఆగిపోతుంది. కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు. అలాంటి జబ్బు పట్టుకోవడం చాలా కష్టం.

ఇంకో చిన్న మెలిక గ్రూప్ అడ్రస్ ఎంచుకోవడంలో ఉంది. ఐపీ గ్రూప్ అడ్రస్‌ని మాక్ అడ్రస్‌గా మార్చేటప్పుడు చివరి 23 బిట్లే మిగులుతాయి. దాంతో 32 ఐపీ గ్రూపులకి ఒకే మాక్ వస్తుంది. 239.0.0.251కీ 224.0.0.251కీ మాక్ ఒకటే. మాక్ చూసి నడిచే చవక స్విచ్ ఈ రెంటినీ వేరు చేయలేదు. కాబట్టి మీరే గ్రూప్ పెట్టేటప్పుడు 239.0.0, 239.128.0తో మొదలయ్యేవి వద్దు. 239.10.10.1 లాంటివి నయం.

జగ్గయ్యపేటలో అమ్మ సీరియల్

పెళ్లి పనుల మధ్యే ఇంటికి ఒకసారి వెళ్లాల్సి వచ్చింది. చిల్లకల్లు టోల్‌గేట్ దాటుతుండగా ఒక విషయం తట్టింది. జగ్గయ్యపేటలో మా ఇంట్లో టీవీ ఫైబర్ మీదే వస్తుంది. రెండేళ్లుగా సాయంత్రం అమ్మ సీరియల్ పెట్టగానే మేడ మీద వైఫై నెమ్మదిస్తుంది. సాయంత్రం కదా, అందరూ వాడతారు అనుకునేవాణ్ణి.

మన రాష్ట్రంలో ఫైబర్ మీద టీవీ చూడటం కొత్తేం కాదు. ఏపీ ఫైబర్‌నెట్‌ని 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకి ఇంటర్నెట్, టీవీ చానళ్లు, ఫోన్ కలిపి ఇస్తామన్నది అప్పటి మాట. ఐపీటీవీకి మల్టీకాస్ట్ ఎందుకు ప్రాణమో చిన్న లెక్కతో చూడండి. ఒక ఫైబర్ స్ప్లిటర్ కింద 64 ఇళ్లు ఉన్నాయి, అందరూ ఒకే క్రికెట్ మ్యాచ్ చూస్తున్నారు, చానల్‌కి 4 మెగాబిట్లు అనుకుందాం. ఇంటికో కాపీ పంపితే 256 మెగాబిట్లు. మల్టీకాస్ట్‌లో 4. అంతే తేడా. మల్టీకాస్ట్ మంచిదే. వద్దన్న చోటికి కూడా పంపే స్విచ్‌తోనే గొడవ.

మా ఇంట్లో కనెక్షన్ తప్పు లేదు. నేను తెచ్చి పెట్టిన చవక 8 పోర్టుల స్విచ్‌దే తప్పు. దానికి స్నూపింగ్ లేదు, సెట్టింగ్స్ పేజీయే లేదు. సెట్‌టాప్ బాక్స్, మేడ మీద యాక్సెస్ పాయింట్ రెండూ దానికే కలిశాయి. అమ్మ చానల్ రెండు చోట్లకీ పోతోంది. స్విచ్ మార్చలేదు. సెట్‌టాప్ బాక్స్ కేబుల్ తీసి నేరుగా రౌటర్‌లో పెట్టాను. చానల్ ఇక ఆ చిన్న స్విచ్ దాకా రావట్లేదు. ఖర్చు సున్నా. రెండేళ్ల జబ్బు అరనిమిషంలో పోయింది.

మీ ఇంట్లో స్నూపింగ్ ఉన్న స్విచ్ ఉండి, ఐపీటీవీ కూడా ఉంటే రెండు మాటలు. ప్రశ్నలు అడిగే పని రౌటరే చేస్తుంటే, స్విచ్‌లో క్వెరియర్ అక్కర్లేదు. ‘ఫాస్ట్ లీవ్’ అనే ఆప్షన్ పెడితే చానల్ మార్చగానే పాత చానల్ వెంటనే ఆగుతుంది. కానీ ఒక పోర్టు వెనక ఒకే సెట్‌టాప్ బాక్స్ ఉన్నప్పుడే అది పెట్టండి. ఇంకో చిన్న స్విచ్ వెనక రెండు బాక్సులుంటే, ఒకరు చానల్ మార్చితే రెండోవాళ్ల టీవీ కూడా ఒక్క క్షణం ఆగుతుంది.

ఏది ఎప్పుడు పెట్టాలి?

• ఇంట్లో ఐపీటీవీ, వీడియో డబ్బాలు ఏవీ లేవు: డీఫాల్ట్ ఫ్లడ్ అలాగే వదిలేయండి. ముట్టుకుంటే క్యాస్టింగ్, ప్రింటర్ సెర్చ్ లాంటివి చెడే అవకాశమే ఎక్కువ.

• వీడియో డబ్బాలు ఉన్నాయి, క్వెరియర్ ఉంది: స్నూపింగ్ ఆన్, అన్‌నోన్ డ్రాప్. మండపంలో నేను పెట్టింది ఇదే.

• స్విచ్‌లో క్వెరియర్ ఆప్షన్ లేదు, రౌటరూ అడగదు: డ్రాప్ పెట్టకండి. పోర్టు పోర్టుకీ సెట్టింగ్ ఉంటే, యాక్సెస్ పాయింట్ పోర్టుల్లో మాత్రమే అన్‌నోన్ ఆపండి. లేకపోతే వీడియో డబ్బాలకి వేరే వీల్యాన్, లేదా వేరే చిన్న స్విచ్.

• యాక్సెస్ పాయింట్‌లో ‘మల్టీకాస్ట్ టు యూనికాస్ట్’ లాంటి ఆప్షన్ ఉంటే, వైఫైలో టీవీ చూడాల్సినవాళ్లు ఆన్ చేయండి.

మార్చాక టెస్ట్ తప్పనిసరి. ఒక లాప్‌టాప్ నుంచి ఐపెర్ఫ్ 2తో 239.10.10.1కి డేటా పంపండి. ఐపెర్ఫ్ 3 పనికిరాదు, అందులో మల్టీకాస్ట్ లేదు. ఎవరూ చేరని గ్రూప్ కాబట్టి, మిగతా పోర్టుల కౌంటర్లు పెరగకూడదు. తర్వాత ఇంకో లాప్‌టాప్‌ని ఆ గ్రూప్‌లో చేర్చండి, దాని పోర్టు ఒక్కటే పెరగాలి. ఆ తర్వాత కనీసం పది నిమిషాలు వదిలేయండి. మల్టీకాస్ట్ విషయంలో మూడు నిమిషాల టెస్ట్ టెస్టే కాదు. మొదటి 260 సెకన్లు ఎప్పుడూ బాగానే ఉంటాయి.

కొత్త స్విచ్ కొనేవాళ్లు బాక్స్ మీద ‘ఐజీఎంపీ స్నూపింగ్’ అన్న మాట చూసి ఆగిపోకండి. స్పెసిఫికేషన్ షీట్‌లో ‘క్వెరియర్’ అన్న మాట కూడా ఉందేమో వెతకండి. మండపం స్విచ్‌లో అది ఉండబట్టే ఆ రాత్రి బయటపడ్డాం.

ఇక పెళ్లి సంగతి. రాత్రి 1.42కి జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు నేను వేదిక దగ్గర లేను. ఆఫీసు గదిలో స్విచ్ లైట్లు చూస్తూ నిలబడ్డాను. సన్నాయి ఒక్కసారిగా గట్టిపడింది. లైట్లు వేటికవి మినుకుతూనే ఉన్నాయి. పరిగెత్తుకుంటూ పైకి వెళ్లేసరికి ట్రైపాడ్ మీద ఫోన్‌లో పెద్దక్క కళ్లు తుడుచుకుంటోంది. పక్కన మా పెద్దమ్మ ఫోన్‌కి కూడా అక్షింతలు చూపిస్తోంది.

“ఇంతకీ ఏం మార్చావురా?” అన్నాడు మావయ్య, తెల్లారాక టీ తాగుతూ.

“మూడు టిక్కులు మావయ్యా.”

“మూడు టిక్కులకి రాత్రంతా కూర్చున్నావా?”

రెండు టిక్కులకి అరగంట పట్టింది. మూడోది ఎందుకు కావాలో తెలియడానికి మిగతా రాత్రి పట్టింది. మీకు ఆ రాత్రి మిగలాలనే ఇదంతా రాశాను.